కుడి పక్క చీకటి

ఎదురుగా వచ్చే బండి దీపాలు రెండుసార్లు ఆర్పి వెలిగించిందంటే మా పరాగ్వేలో ఒకటే అర్థం. ముందు మలుపులో హైవే పోలీసులు కాచుకుని ఉన్నారు, బెల్టు పెట్టుకో, వేగం తగ్గించు అని. ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా ఒకరికొకరు ఈ సాయం చేసుకుంటారు. మా ఆయన లిబ్రాదో బస్సు డ్రైవరుగా ఉన్నన్నాళ్ళూ ఈ మర్యాద తప్పలేదు. అందుకే రిటైరయ్యాక మేము ఇల్లుబండి కొనుక్కుని తిరగడం మొదలుపెట్టినప్పుడు, పొద్దుగూకితే చాలు, ఎదురొచ్చిన ప్రతివాడూ దీపాలు కొడుతుంటే ఆయన తెగ మురిసిపోయాడు.

"చూశావా ఎలీహియా, మన జనం ఎంత మంచివాళ్ళో!" అనేవాడు. బెల్టు సర్దుకునేవాడు. వేగం తగ్గించేవాడు. నన్ను కూడా నిటారుగా కూర్చోమనేవాడు. పోలీసులు మాత్రం ఎక్కడా కనిపించేవారు కాదు.

"ఏరయ్యా నీ పోలీసులు?"

"మనం వచ్చేసరికి చల్లగా టెరెరే తాగడానికి పోయుంటారు."

"ప్రతి మలుపులోనూనా?"

"పగలంతా ఎండల్లో నిలబడే ఉద్యోగం కదే. దాహం ఎక్కువ."

మా ఇల్లుబండి అంటే మంచం, పొయ్యి, నీళ్ళ ట్యాంకు అన్నీ లోపలే పెట్టించుకున్న మినీబస్సు. అది జపాన్‌లో పుట్టింది. చిలే రేవులో దిగింది. మేము రోడ్డుకి కుడి పక్కన నడుపుతాం గనుక, అక్కడి షెడ్డులో కుడి పక్కనున్న స్టీరింగు పీకి ఎడమ పక్క బిగించారు. మా రోడ్ల మీద తిరిగే పాత బండ్లు చాలామటుకు అలా వచ్చినవే కాబట్టి దాన్నెవరూ వింతగా చూడరు. ఒకప్పుడు జపాన్ డ్రైవరు కూర్చున్న చోట ఇప్పుడు నేను కూర్చుంటాను. నా ముందు స్టీరింగు పీకేసిన బొక్క ఉంటే దాని మీద మేరీమాత, మా కాకుపే మాత పటం అంటించాను. ఇంట్లోకి ఎక్కే పెద్ద తలుపును మాత్రం ఎవరూ మార్చలేదు. అది నడిరోడ్డు వైపే తెరుచుకుంటుంది. దిగినప్పుడల్లా ఆ చిలే మేస్త్రీలను నాలుగు తిట్టి మరీ దిగుతాను.

అయినా ఆ బండంటే నాకు ప్రాణం. వయసులో ఉన్నప్పుడు చిపా రొట్టెల బుట్ట నెత్తిన పెట్టుకుని లిబ్రాదో నడిపే బస్సెక్కి అమ్మేదాన్ని. మా కొరొనెల్ బొగాదోలో ఎక్కడం, పక్క ఊళ్ళో దిగిపోవడం, అంతే నా ప్రయాణం. ఆ బస్సు ఆఖరికి ఏ ఊళ్ళో ఆగుతుందో నేను ఒక్కసారి కూడా చూడలేదు. "బస్సు నాదైతే నిన్ను దింపేవాణ్ణి కాదు" అనేవాడు టికెట్లు చింపుతూ. అప్పుడు నవ్వి ఊరుకున్నాను. తల నెరిశాక ఆ మాట నిలబెట్టుకున్నాడు మహానుభావుడు.

కొన్నాళ్ళకు ఆయన మురిపెం తగ్గింది. మాట కూడా తగ్గింది. సాయంత్రం పూట స్టీరింగు మీదికి వంగి కూర్చుని నడిపేవాడు. "కుడి పక్క ఏమైనా ఉంటే చెప్పవే" అనేవాడు మాటవరసకు అన్నట్టుగా. నేను చెప్పేదాన్ని, కుక్క, సైకిలు, గొయ్యి అని. "చూశాలే" అనేవాడు. చూడలేదని నాకు తెలుస్తూనే ఉండేది. ఆ మాటకొస్తే నాకూ అవి మీదికొచ్చేదాకా కనిపించేవి కావు. నా కళ్ళు ఎప్పుడూ అంతంతమాత్రమే కనుక దాని గురించి నేను ఆలోచించలేదు.

నా తమ్ముడు పోలికార్పో మా ఊళ్ళోనే బండ్ల కరెంటు పని చేస్తాడు. ఈయన వెళ్ళి వాడి దగ్గర రెట్టింపు వెలుగిచ్చే బల్బులు వేయించుకొచ్చాడు. దాంతో ఎడమ పక్క పొలాల్లో పడుకున్న ఆవుల చెవులు కూడా కనిపించసాగాయి. కుడి పక్క మాత్రం ఎప్పటిలాగే ఉంది. ఎదురొచ్చేవాళ్ళు దీపాలు కొట్టడం ఇంకా ఎక్కువైంది. కొందరు హారన్ కూడా మోగించేవారు. ఒక లారీవాడైతే కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఏదో సైగ చేశాడు. లిబ్రాదో తిరిగి చెయ్యి ఊపి, "ఎవరో తెలిసినవాడే" అన్నాడు. నాకైతే ఆ సైగ అంత మర్యాదగా అనిపించలేదు.

డిసెంబరులో కాకుపే మాత పండగకు బయల్దేరాం. పండగ ముందురోజు దేశమంతా ఆ గుడికి నడుస్తుంది. మొక్కున్నవాళ్ళూ లేనివాళ్ళూ, పసిపిల్లల్ని భుజాన వేసుకున్నవాళ్ళూ, అందరూ రోడ్డు అంచు పట్టుకుని గుంపులు గుంపులుగా పోతుంటారు. మేము పిరిబెబుయ్ దాటేసరికి పొద్దుగుంకింది. గుంపులు పలచబడ్డాయి. లిబ్రాదో ఎద్దుబండి కన్నా నెమ్మదిగా పోనిస్తున్నాడు. నేను కళ్ళలో వత్తులు వేసుకుని కుడి పక్కే చూస్తున్నాను. అయినా ఆ ముసలాయన ఉన్నట్టుండి నా కిటికీ పక్కనే పుట్టుకొచ్చాడు.

"పక్కకి తిప్పు!" అని గావుకేక పెట్టాను.

లిబ్రాదో తిప్పాడు. బండి అద్దం తగిలి ముసలాయన గడ్డిటోపీ ఎగిరి గడ్డిలో పడింది. టోపీ ఒక్కటే. ముసలాయన వంగి దాన్ని తీసి, దులిపి, పెట్టుకుని, మా వైపు చూసి శిలువ గుర్తు వేసుకుని మళ్ళీ నడక సాగించాడు. నోరారా నాలుగు తిట్టినా బాగుండేది.

లిబ్రాదో ఇంజను ఆపేశాడు.

"నేను ఆయన్ని చూడలేదు ఎలీహియా. అసలు చూడనే లేదు."

"చీకటి కదయ్యా."

"ఎడమ పక్క గడ్డిపోచ కూడా కనిపిస్తోంది. కుడి పక్కే ఏమీ లేదు. మా అమ్మకీ ఇలాగే మొదలైంది. ముందు పొద్దుగూకాక కుడి కన్ను. తర్వాత పగలు కూడా. ఆ తర్వాత రెండోది."

మా అత్తగారు చివరి రోజుల్లో నా మొహం చేత్తో తడిమి గుర్తుపట్టేది. ఆ వేళ్ళు నా బుగ్గల మీద ఇంకా ఉన్నట్టే ఉంటుంది. ఆ రాత్రి రోడ్డు పక్కనే పడుకుని, తెల్లవారాక మాత దర్శనం లేకుండానే వెనక్కి తిరిగాం. గుడి ఇంకెంతో దూరం లేదు. అయినా ముందుకు పోదామని ఇద్దరం అనుకోలేదు.

ఇంటికొచ్చాక కళ్ళ డాక్టరు దగ్గరకు పద అన్నాను. "ఆయన చెప్పేదేంటో నాకు తెలుసు, ఇంకొకరి నోట వినక్కర్లేదు" అన్నాడు. నాకు చెప్పకుండానే ఇల్లుబండిని బేరం పెట్టాడు. జర్మన్ కాలనీలో చీజ్ తయారుచేసే ఎర్వీనో అనే ఆయన ఎప్పట్నుంచో దాని మీద కన్నేసి ఉన్నాడు. వచ్చి, మంచం మీద కూర్చుని ఊగి చూశాడు. పొయ్యి వెలిగించి చూశాడు. నేను కుట్టిన కర్టెన్లు కూడా పట్టి చూశాడు.

"అన్నీ భేషుగ్గా ఉన్నాయి. ముందు దీపాల అద్దాలే పసుపెక్కాయి. కొత్తవి వేయించి ఉంచండి, శనివారం వచ్చి తోలుకుపోతాను" అన్నాడు.

నేను అరిచాను. అలిగాను. లిబ్రాదోకి, ఆకు పొడి నింపిన టెరెరే కొమ్ములో చల్లటి నీళ్ళు పోసి అందించడం మానేశాను. ఇన్నేళ్ళ కాపురంలో అంత పెద్ద శిక్ష ఎప్పుడూ వేయలేదు. ఆయన తానే కలుపుకుని, గోడ వైపు తిరిగి కూర్చుని తాగాడు తప్ప మనసు మార్చుకోలేదు. "టోపీ బదులు తలకాయ అయితే ఏం చేసేవాళ్ళమే?" అన్నాడు ఒక్కసారి.

శుక్రవారం మధ్యాహ్నం బండిని పోలికార్పో షాపుకు తీసుకెళ్ళాం. షాపుకు ఎదురుగా బియ్యం గోదాము వెనక గోడ ఉంది. సున్నం కొట్టిన పెద్ద తెల్ల గోడ. మావాడు బండిని ఆ గోడకు ఎదురుగా నిలబెట్టించి లోపలికి దూరాడు. పని చేస్తున్నంతసేపూ వాడి నోరు ఊరుకోదు.

"అక్కా, ఈ బండిలో వైర్లు చూస్తే ఏడుపొస్తోంది. స్టీరింగు మార్చినప్పుడు ముక్క ముక్కా అతికేశారు. కరెంటు దీపం దాకా చేరకుండా దారిలోనే సచ్చిపోతోంది."

"నువ్వా బల్బులు వేసినప్పుడు చూళ్ళేదా?"

"అప్పుడు బావ బల్బులే అడిగాడు. వైర్ల ఊసెత్తలేదు."

"అడిగితేనే కళ్ళు తెరుస్తావన్నమాట."

"కొనేవాడి కోసం ఇంత గొడవెందుకే" అన్నాడు లిబ్రాదో. ఆయన మూల స్టూలు మీద, చావింటికి వచ్చినవాడిలా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తన బండి బోల్టు ఎవరైనా ముట్టుకుంటే మీదికి దూకే మనిషి. ఆయన్ని అలా చూడటం నా వల్ల కాలేదు.

మావాడు పాత వైర్లు పీకి, బ్యాటరీ నుంచి దీపాలకు నేరుగా లావు వైరు లాగాడు. మధ్యలో స్విచ్చుల్లాంటి రిలేలు పెట్టాడు. రెట్టింపు బల్బులు తీసేసి మామూలువి వేశాడు. ముందు కుడి దీపం మార్చి, ఎడమది మార్చబోతూ, వెలుగులో తేడా చూపించి గొప్పలు పోదామని స్విచ్చి వేశాడు. అప్పటికి మునిమాపు వేళ. గోదాము గోడ మీద వెలుగు స్పష్టంగా పడింది.

"ఇదేంట్రా ఇలా ఉంది?" అన్నాను.

కొత్త దీపం వెలుగు గోడ మీద అడ్డంగా సాగి, కుడి పక్కకు వచ్చేసరికి పైకి లేచింది. పాత దీపం వెలుగేమో ఎడమ పక్కకు పైకి లేచింది. రెండూ ఒకదాని మొహం ఒకటి చూడని వియ్యంకుల్లా చెరో వైపుకు తిరిగి ఉన్నాయి.

పోలికార్పో కాసేపు బుర్ర గోక్కున్నాడు. "కొత్తది తేడా సరుకక్కా. అద్దం తిరగేసి బిగించినట్టున్నారు ఎదవలు. రేపు మార్చుకొస్తాను."

"పాతదే తేడా అయితేనో?"

"పాతది జపాన్ సరుకు. వాళ్ళు తేడా చెయ్యరు."

"నీ పికప్పు బ్రెజిల్‌ది కదా. తెచ్చి ఈ గోడ ముందు పెట్టు."

"అక్కా, చీకటి పడుతోంది..."

"దీపాలు చూడ్డానికి చీకటే కదరా కావాల్సింది. తే!"

సణుక్కుంటూ తెచ్చి పక్కన నిలబెట్టాడు. పికప్పు దీపాలు రెండూ మా కొత్త దీపంలాగే కుడి పక్కకు పైకి లేచాయి. పోలికార్పో గోడ చూశాడు. మా బండి చూశాడు. నా సీటు ముందున్న మాత పటం చూశాడు. వాడి నోరు మొదటిసారి మూతపడింది.

"జపాన్‌లో రోడ్డుకి ఎడమ పక్కన నడుపుతారు కదూ" అన్నాడు. "వాళ్ళకి నడిచేవాళ్ళుండే అంచు ఎడమ పక్క. అందుకని వెలుగు ఎడమకి ఎత్తి పెట్టారు. స్టీరింగైతే మార్చారక్కా. దీపాలకి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు."

"మరి మన కుడి అంచు?"

"దాని మీద వెలుగు పడదు. ఆ పక్క అద్దం వెలుగుని కిందికే కోసేస్తుంది. ఆ పడాల్సిందంతా ఎదురొచ్చేవాడి కళ్ళలో పడుతుంది. దానికి తోడు నేను రెట్టింపు..." అని ఆగిపోయాడు.

మూలన స్టూలు చప్పుడైంది. లిబ్రాదో లేచి వచ్చి గోడ ముందు నిలబడ్డాడు. వెలుగు అంచుల మీద వేలు పెట్టి గీసి చూశాడు, అటు ఒకసారి, ఇటు ఒకసారి.

"అయితే పోలీసులు లేరన్నమాట" అన్నాడు.

"లేరు."

"ఇన్నాళ్ళూ జనం నన్ను తిట్టారన్నమాట."

"ఆ లారీవాడు మరీను" అన్నాను.

ఆయన నవ్వలేదు. "దీపం సంగతి సరే. ఆ చీకటి దీపానిదో నా కంటిదో ఎలా తెలుస్తుంది? రెండూ పాతవే కదా."

అదే నా భయం కూడా. మావాణ్ణి తొందరపెట్టి ఎడమ దీపం కూడా మార్పించాను. వాడు గోడ మీద సుద్దతో గీత గీసి, స్క్రూలు తిప్పి రెండు వెలుగులనూ దాని కిందికి సరిచేశాడు. తర్వాత బండిని గోదాము పక్క మట్టిరోడ్డు మీదికి తిప్పించాను. ఆ రోడ్డుకు వీధి దీపాలు లేవు. అప్పటికి బాగా చీకటి పడింది.

"నువ్వు సీట్లో కూర్చో. నేను కుడి అంచున నడుస్తూ పోతాను. కనిపించకపోతే హారన్ కొట్టు. కనిపిస్తే నోరు తెరిచి చెప్పు" అన్నాను.

"చిన్నపిల్లల ఆటలా ఇవి?"

"కూర్చోవయ్యా ముందు!"

నడవడం మొదలుపెట్టాను. నల్ల గౌను వేసుకుని ఉన్నాను. వెనక్కి తిరిగి చూడకూడదని, చప్పుడు చెయ్యకూడదని నాకు నేనే నియమం పెట్టుకున్నాను. కంచె పక్కనుంచి, గడ్డిలోంచి పోయాను. మధ్యలో కుడి కాలి చెప్పు పట్టీ తెగింది. వంగితే తెలిసిపోతుందని దాన్ని అక్కడే వదిలేసి కుంటుతూ నడిచాను. ఆ ముసలాయన మాకు కనిపించి ఉండాల్సిన దూరం దాటాను. దానికి రెట్టింపు దాటాను. వెనక ఏ చప్పుడూ లేదు. హారన్ లేదు, మాట లేదు. కాకుపే మాతకు మొక్కుకుందామంటే ఏం మొక్కాలో కూడా తోచలేదు. 'ఆయన నోరు తెరిపించు తల్లీ' అనుకున్నాను.

"ఎలీహియా!" అని కేక వినిపించింది. "కుడి కాలి చెప్పు ఏదే?"

ఉన్నపళంగా ఆ గడ్డిలోనే కూలబడి ఏడ్చేశాను. నా ప్రాణం లేచి వచ్చింది. నా తమ్ముడు ఏ పామో కరిచిందనుకుని పరుగెత్తుకొచ్చాడు. లిబ్రాదో మాత్రం పరుగెత్తలేదు. బండి పోనిచ్చి, దారిలో దిగి నా తెగిన చెప్పు తీసుకుని మరీ వచ్చి నా పక్కన ఆపాడు. అది గడ్డి మధ్యలో, కుడి పక్కనే పడి ఉంది. నేను చీకట్లో వదిలేసిన దాన్ని ఆయన చూశాడు.

"మూడు జానల చెప్పుకి ఇంత చిన్న పట్టీ ఏంటే" అన్నాడు. ఆయన కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి. నేను బండెక్కి, ఫ్లాస్కు తీసి, టెరెరే కొమ్ములో నీళ్ళు పోసి ఆయన చేతికిచ్చాను. పీల్చి, "నీళ్ళు వేడెక్కిపోయాయి" అని వంక పెట్టాడు. అప్పుడు పూర్తిగా నమ్మాను, మా ఆయన నాకు తిరిగొచ్చాడని.

మర్నాడు ఎర్వీనో వచ్చాడు. బండి అమ్మడం లేదని చెప్పి, ఎందుకో కూడా మొత్తం చెప్పాను. ఆయన కోప్పడతాడనుకున్నాను. వింటున్నకొద్దీ ఆయన మొహం పాలిపోయింది. తన పికప్పు వైపు తిరిగి చూశాడు.

"నాదీ చిలే మీదుగా వచ్చిందే. నాకు కూడా అందరూ దీపాలు కొడతారు" అన్నాడు. "ఆ గోడ ఎక్కడుందన్నారు?"

ఆ వారంలోనే లిబ్రాదో తనంతట తానే కళ్ళ డాక్టరు దగ్గరకు పోయాడు. డాక్టరు దగ్గరి అక్షరాలకు కళ్ళజోడు రాశాడు, అంతే. దాన్ని పెట్టుకుంటే స్కూలు మేష్టరులా ఉన్నావన్నానని ఇంతవరకు పెట్టుకోలేదు.

పండగ అయిపోయిన చాలా రోజులకు మళ్ళీ కాకుపేకి బయల్దేరాం. కావాలనే ఎండ తగ్గాక కదిలాం. దారి పొడుగునా ఆయన నోరు ఆగలేదు. కుడి పక్క ఏది కనిపిస్తే అది పైకి చెప్పడమే. "సీసా. పిల్లి. పిల్లి పక్కన ఇంకో పిల్లి. శిలువ, దానికి నీలం రంగు. గొడుగు పట్టుకున్న ఆడమనిషి, వాన లేదుగా ఎందుకు పట్టుకుందో." మామూలుగా అయితే నోర్మూసుకోమనేదాన్ని. ఆ సాయంత్రం ఆయన చెప్పే ప్రతి సీసానూ, ప్రతి పిల్లినీ చెవులప్పగించి విన్నాను. ఎదురొచ్చిన బండ్లు ఒక్కటీ దీపాలు కొట్టలేదు. చల్లగా, హాయిగా మా పక్కనుంచి పోయాయి.

పిరిబెబుయ్ దాటాక ఒక కారువాడు రెండుసార్లు కొట్టాడు.

"మళ్ళీ మొదలైందా? దీపం కదిలిపోయిందేమో!"

"ఉండవే" అన్నాడు లిబ్రాదో. బెల్టు సర్దుకున్నాడు. వేగం తగ్గించాడు. ముందుకు వంగలేదు, వెనక్కి ఆనుకునే కూర్చున్నాడు. "అదిగో, కుడి పక్క. చెట్టు కింద. నల్ల బూట్లు, టోపీ. మూతి మీద మీసం కూడా ఉంది."

నాకు చెట్టే కనిపించింది. కాసేపటికి చెట్టు కిందనుంచి హైవే పోలీసు కదిలి వచ్చి చెయ్యి అడ్డం పెట్టాడు. మీసం ఉంది. లిబ్రాదో బండి ఆపి అద్దం దించాడు. ఆయన మొహం నిండా నవ్వు.

"నమస్కారం పెద్దాయనా. ఎందుకు నవ్వుతున్నారు?" అన్నాడు పోలీసు అనుమానంగా.

"మిమ్మల్ని చూశాను నాయనా" అన్నాడు లిబ్రాదో. "చాలా దూరం నుంచే చూశాను."

పోలీసు నా వైపు చూశాడు. తాగి ఉన్నాడా అన్నట్టు సైగ చేశాడు. "లేదు బాబూ, కనిపిస్తున్నందుకు సంతోషం" అన్నాను. కాగితాలు చూశాడు, దీపాలు చూశాడు, మంటలార్పే సిలిండరు చూపించమన్నాడు. అన్నీ ఉన్నాయి. వెళ్ళమన్నాడు.

కొంచెం ముందుకు పోగానే ఎదురుగా ఒక లారీ వస్తోంది. లిబ్రాదో దానికి దీపాలు రెండుసార్లు కొట్టాడు. లారీవాడు వేగం తగ్గించి, మమ్మల్ని దాటేటప్పుడు కిటికీలోంచి చెయ్యి ఊపాడు. ఈసారి సైగ మర్యాదగానే ఉంది.